వారం వారం ఇంజక్షన్: ఇంట్లో, రైల్లో, తుఫానులో

పలాస పక్కన ఒక పల్లెలో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 2016 ఎండాకాలంలో స్నానం చేసిన ప్రతిసారీ ఒళ్లంతా సూదులతో గుచ్చినట్టు దురద మొదలైంది. సబ్బు మార్చాను, నీళ్లు మార్చాను, చర్మం డాక్టరుకు చూపించుకున్నాను. చివరికి ఒక మామూలు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 19 వచ్చింది. ఆ సంగతి విని మా మేనత్త "రగతం ఎక్కువుంటే మంచిదే గదేటమ్మా" అంది. ప్రేమగానే అంది. విశాఖపట్నంలో రక్తవ్యాధుల డాక్టరు జాక్-2 పరీక్ష చేయించి పాలిసైథీమియా వెరా అని చెప్పారు.

ఎముకల్లోని మజ్జ అవసరానికి మించి రక్తకణాలు తయారు చేసే జబ్బు ఇది. రక్త క్యాన్సర్లలో ఒకటి, కానీ నెమ్మదిగా నడుస్తుంది. సరిగ్గా చూసుకుంటే ఏళ్ల తరబడి మామూలుగా బతకొచ్చు. జాక్-2 అనే జన్యువులో వచ్చే మార్పే దీనికి మూలమని 2005లో కనుక్కున్నారు. ఈ మార్పు పుట్టాక వచ్చేది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. అసలు భయం రక్తం చిక్కబడి గడ్డకట్టడం గురించే. అందుకే మొదట్లో కొంత రక్తం తీసేస్తారు, రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు, అవసరమైన వాళ్లకు కణాలను తగ్గించే మందు పెడతారు. కొందరికి అది హైడ్రాక్సీయూరియా మాత్ర. నాకు 2017 నుంచి వారానికోసారి పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్.

సూదికి నాలుగు వారాల్లో అలవాటు పడ్డాను. మందును చల్లగా కాపాడుకోవడం నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో రెండు పెళ్లిళ్లు, ఒక తీర్థయాత్ర మానుకున్నాను. మానుకోవాల్సిన అవసరం లేదని తర్వాత తెలిసింది. మీరు అలా మానుకోకూడదని ఇది రాస్తున్నాను. మోతాదు, మందు మార్పు మీ డాక్టరు చెప్పాల్సినవి. మిగతా పనులు ఎలా చేసుకోవాలో నేను చెబుతాను.

మొదట మీ మందు పేరు నోటికి రావాలి

"వారం ఇంజక్షన్" అంటే ఏ ఆసుపత్రిలోనూ ఎవరికీ అర్థం కాదు. మందు అసలు పేరు, కంపెనీ పేరు, మోతాదు ఎన్ని మైక్రోగ్రాములు, ఎన్ని రోజులకోసారి అన్న నాలుగు సంగతులు ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాయించుకోండి. దాన్ని ఫోనులో ఫొటో తీసి ఉంచండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. ఇంటర్‌ఫెరాన్‌లలో వారానికోసారి వేసుకునేవి ఉన్నాయి, రెండు వారాలకోసారి వేసుకునేవీ ఉన్నాయి. రెండు వారాలకోసారి వేసుకునే రోపెగ్ ఇంటర్‌ఫెరాన్‌ను ఐరోపాలో 2019లో, అమెరికాలో 2021లో ఈ జబ్బుకే ప్రత్యేకంగా అనుమతించారు. పేరులో ఒక ముక్క తేడా వస్తే మోతాదు మారిపోతుంది.

ఇంకో మాట. పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ మొదట హెపటైటిస్ బి, సి జబ్బులకు వచ్చిన మందు. డబ్బాలోని కాగితం నిండా కాలేయం గురించే ఉండొచ్చు. మా ఆయన అది చదివి, డాక్టరు నా దగ్గర ఏదో దాచారని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మీ ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

కొనేటప్పుడు

శ్రీకాకుళం, విజయనగరం మెడికల్ షాపుల్లో ఈ మందు సాధారణంగా సిద్ధంగా ఉండదు. ఆర్డరు పెడితే విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో వస్తుంది. అందుకని చివరి సిరంజి వాడే రోజు దాకా ఆగకండి. రెండు మిగిలి ఉండగానే ఆర్డరు చెప్పండి. ముందుగా మీ ఆసుపత్రిలోని ఎన్టీఆర్ వైద్యసేవ డెస్కులో మీ జబ్బు, మీ మందు పథకంలోకి వస్తాయో లేదో అడగండి. డబ్బు కట్టేశాక అడిగితే లాభం ఉండదు.

మందు తెచ్చుకోవడానికి పొద్దున్నే వెళ్లండి, చల్లని డబ్బా మీరే పట్టుకెళ్లండి. షాపు వాళ్లు ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చారా, బల్ల మీద ఉన్నది ఇచ్చారా గమనించండి. గడువు తేదీ చూడండి, బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయించుకోండి. బస్సు పార్శిల్లో పంపిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. మే నెలలో మూసి ఉన్న పార్శిల్ పెట్టెలో మూడు గంటలు ఉంటే ఆ మందు పనికొస్తుందన్న నమ్మకం ఎవరూ ఇవ్వలేరు.

ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలి

2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టకూడదు, వెలుతురు తగలకూడదు. వేడి తగిలితే మందు చెడుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా అంతే చెడుతుందని చాలామందికి తెలియదు. ఒకసారి గడ్డకట్టి కరిగిన మందు చూడటానికి మామూలుగానే ఉండొచ్చు, కానీ వాడకూడదు.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఒకే తలుపు ఫ్రిజ్. దాని ఫ్రీజర్ కింద ఒక ట్రే ఉంటుంది, పాల ప్యాకెట్లు పెడతాం. అక్కడ పెట్టకండి, రాత్రిపూట అక్కడ పాలు గడ్డకట్టడం మీరూ చూసే ఉంటారు. తలుపు అరల్లోనూ పెట్టకండి, తీసి వేసిన ప్రతిసారీ వేడిగాలి తగులుతుంది. వెనక గోడకు ఆనించకండి. మధ్య అరలో, ముందు వైపుకు, మందును దాని అట్టపెట్టెతో సహా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఆ డబ్బా మీద పెద్ద అక్షరాలతో "మందు. జరపవద్దు" అని రాయండి. పండగ రోజుల్లో పులిహోర గిన్నె పట్టడం కోసం ఎవరో ఒకరు దాన్ని ఫ్రీజర్‌లోకి తోస్తారు. మా ఇంట్లో అలా ఒకసారి జరిగింది.

తీగ ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. తీగ కొసను మందు డబ్బాలో ఉంచి, అంకెలు కనిపించే ముక్కను ఫ్రిజ్ బయట అంటించండి. పొద్దున పాలు తీసేటప్పుడు ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తే చాలు. ఎండాకాలంలో తిప్పిన మీట శీతాకాలంలో తగ్గించడం మర్చిపోకండి. నా అనుభవంలో మందు గడ్డకట్టే ప్రమాదం డిసెంబరు, జనవరిల్లోనే ఎక్కువ.

ఇంజక్షన్ రాత్రి

మొదటి రెండు మూడు సార్లు నర్సు ముందు వేసుకుని చూపించండి. చూసి నేర్చుకోవడం వేరు, వాళ్లు చూస్తుండగా చేయడం వేరు. ఆ తర్వాత ఇంట్లో నేను చేసే వరస ఇది.

సిరంజిని అరగంట ముందు బయట పెడతాను. వేడినీళ్లలో పెట్టను, ఎండలో పెట్టను, ఊపను. కావాలంటే అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తాను. చల్లగా ఉన్నది అలాగే ఎక్కిస్తే మంట ఎక్కువ. సబ్బుతో చేతులు కడుక్కుని, మందు తేటగా ఉందా, అందులో నలకలు ఉన్నాయా చూస్తాను. మసకగా ఉన్నా, రంగు మారినా పక్కన పెట్టి షాపుకు ఫోన్ చేస్తాను. పొట్ట మీదైతే బొడ్డుకు రెండు అంగుళాల దూరంలో, లేకపోతే తొడ ముందు భాగంలో వేసుకుంటాను. వారం వారం చోటు మారుస్తాను, నోట్‌బుక్కులో "కుడి పొట్ట", "ఎడమ తొడ" అని రాసుకుంటాను. స్పిరిట్ దూదితో తుడిచి, అది ఆరేదాకా ఆగి, చర్మాన్ని వేళ్లతో పట్టుకుని నర్సు నేర్పిన కోణంలో సూది దించి, మందును నిదానంగా నెడతాను. తీశాక దూదితో అదిమి పట్టుకుంటాను, రుద్దను.

మీ మోతాదు సిరంజిలో ఉన్న మొత్తం కంటే తక్కువైతే, ఏ గీత దాకా వేసుకోవాలో డాక్టరు చేతనే గుర్తు పెట్టించుకోండి. మిగిలింది వచ్చే వారానికి దాచాలనిపిస్తుంది. వేల రూపాయల మందు కదా, నాకూ అనిపించింది. ఒక్కసారి వాడే సిరంజిలో మిగిలినదాన్ని మీ అంతట మీరు దాచకండి. ఖర్చు భారంగా ఉంటే ఆ మాటే డాక్టరుతో చెప్పండి, తక్కువ మోతాదు సిరంజి దొరుకుతుందేమో వాళ్లు చూస్తారు.

వాడిన సూదికి మూత తిరిగి పెట్టకండి. మందపాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి, మూత గట్టిగా పట్టేది, దానికోసమే ఉంచండి. ముప్పాతిక నిండాక ఆసుపత్రికి తీసుకెళ్లి ఇవ్వండి. అక్కడ సూదుల కోసం గుచ్చుకుపోని తెల్లడబ్బా వేరే ఉంటుంది. చెత్తలో వేస్తే మన వీధి ఊడ్చే మనిషి చేతికి గుచ్చుకుంటుంది.

ఏ రోజు వేసుకోవాలి? మర్నాడు మీకు సెలవు ఉండే రోజు. నాది శనివారం రాత్రి, పడుకునే ముందు. కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. మొదటి నెలల్లో ఎక్కువగా ఉంటాయి, చాలామందికి తర్వాత తగ్గుతాయి. డాక్టరు ఒప్పుకుంటే ఇంజక్షన్‌కు కాస్త ముందు ఒక పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఆ రోజంతా నీళ్లు బాగా తాగండి.

మిగతా ఆరు రోజులు

ఇక్కడ మన ప్రాంతం గురించి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మనకు కొత్త కాదు. ఒళ్లునొప్పులు రాగానే పక్క షాపులో "నొప్పుల బిళ్ల" అడిగి వేసుకునే అలవాటు మనది. ఆ బిళ్లల్లో చాలావరకు కిడ్నీల మీద భారం వేసేవే. పైగా ఆస్పిరిన్ వాడేవాళ్లు వాటిని కలిపితే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఇంటర్‌ఫెరాన్ నొప్పులకు పారాసెటమాల్ దాటి ఏదీ డాక్టరును అడగకుండా వేసుకోకండి. రక్తపరీక్ష ఇచ్చినప్పుడల్లా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చేయించండి.

రెండోది, రక్తం తీయించుకున్నాక నీరసంగా ఉంటే ఎవరో ఒకరు ఐరన్ టానిక్ తెచ్చిస్తారు. ఈ జబ్బులో ఐరన్ వేసుకుంటే తీసిన రక్తం మళ్లీ వేగంగా పెరుగుతుంది. డాక్టరు రాస్తే తప్ప వద్దు.

మూడోది జ్వరం. ఇంజక్షన్ జ్వరం ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మీరు శనివారం వేసుకుంటే బుధవారం వచ్చిన జ్వరం ఇంజక్షన్‌ది అనుకోకండి. వానాకాలంలో మనకు డెంగీ ఉంది, సీతంపేట, పార్వతీపురం వైపు ఏజెన్సీలో మలేరియా ఉంది. ఈ మందు తెల్లకణాలను కూడా తగ్గిస్తుంది కాబట్టి ఇన్ఫెక్షన్ ముదరడానికి సమయం పట్టదు. అదే రోజు రక్తపరీక్ష చేయించి, ఇంటర్‌ఫెరాన్ వాడుతున్నట్టు చెప్పండి.

నాలుగోది ఎవరూ అడగరు, మనమూ చెప్పం. మనసు. ఈ మందు కొందరిలో దిగులు, చిరాకు, నిద్రలేమి తెస్తుంది. నాకు రెండో ఏడాది ఊరికే ఏడుపొచ్చేది, పిల్లల మీద అరిచేదాన్ని. జబ్బు బాధ అనుకుని ఊరుకున్నాను. డాక్టరుతో చెప్పాక మోతాదు తగ్గించారు, తేలికపడింది. ఇంట్లో ఒకరికి ముందే చెప్పి పెట్టండి: "నాలో తేడా కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పు" అని. బతకాలని లేదన్న ఆలోచన వస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు.

రక్తపరీక్ష కాగితంలో నేను ముందు చూసేది హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పే అంకె. మన ల్యాబుల్లో పీసీవీ అని రాస్తారు. అది 45 శాతం లోపు ఉంచుకున్నవాళ్లలో గుండె, రక్తనాళాల ముప్పు బాగా తక్కువని 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. దానితోపాటు తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, కాలేయం, థైరాయిడ్ పరీక్షలు డాక్టరు చెప్పిన వ్యవధిలో చేయించండి. చూపు మసకబారితే కంటి డాక్టరును కలవండి, ఈ మందు అరుదుగా కంటి లోపలి పొరను దెబ్బతీస్తుంది.

ప్రయాణం: రెండు వారాల ముందే మొదలు

మొట్టమొదట వేసుకోవాల్సిన ప్రశ్న, అసలు మందు పట్టుకెళ్లాలా? హైదరాబాద్‌లో పెళ్లికి నాలుగు రోజులే అయితే, శనివారం వేసుకుని సోమవారం బయల్దేరి శుక్రవారానికి తిరిగి వస్తే సరిపోతుంది. డబ్బా, ఐస్ ప్యాకులు ఏవీ అక్కర్లేదు. రెండు మూడు రోజులు అటూ ఇటూ అయ్యేలా ఉంటే డాక్టరును అడిగి ఇంజక్షన్ రోజు జరుపుకోవచ్చు. అడగకుండా జరపకండి. వారం తప్పితే తర్వాతి వారం రెండు కలిపి వేసుకోవడం అసలు వద్దు.

పట్టుకెళ్లక తప్పదంటే ఇంజక్షన్ రోజు, ప్రయాణం రోజు ఒకటి కాకుండా చూసుకోండి. చలిజ్వరంతో పై బెర్తు ఎక్కడం నేను చేశాను, మీరు చేయొద్దు.

బయల్దేరే పది రోజుల ముందు రక్తపరీక్ష చేయించి డాక్టరుకు చూపించండి. రక్తం తీయాల్సి వస్తే ఊళ్లోనే తీయించుకుని వెళ్లొచ్చు. డాక్టరు లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో ఒక ఉత్తరం తీసుకోండి: మీ పేరు, జబ్బు, మందు పేరు, సూదులు వెంట ఉండాలని, మందు చల్లగా ఉండాలని. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు చాలామంది. విదేశానికైతే ఈ ఉత్తరం, ప్రిస్క్రిప్షన్, మెడికల్ షాపు బిల్లు మూడూ ఉండాలి, మూడింటిలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఆ దేశం నియమాలు ముందే కనుక్కోండి.

వైద్యానికో, చెకప్‌కో రైలులో వెళ్తుంటే క్యాన్సర్ రోగుల రాయితీ వాడుకోండి. స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లే మనిషికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రిలో రైల్వే వారి నమూనాలో సర్టిఫికెట్ రాయించుకుని రిజర్వేషన్ కౌంటరులో ఇవ్వాలి. పెళ్లి ప్రయాణానికి ఇది వర్తించదు.

డబ్బా కట్టడం

దీని మీద ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే నా తప్పు ఇక్కడే జరిగింది. 2018 వేసవిలో సికింద్రాబాద్ వెళ్తూ, ఎండ భయంతో ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన జెల్ ప్యాకుల మధ్య సిరంజిని పెట్టి తువ్వాలు చుట్టాను. రాత్రి విజయవాడ దగ్గర తీసి చూస్తే మందు గడ్డకట్టి ఉంది. వేడికి భయపడి చలికి పాడుచేశాను. అక్కడ కొత్త సిరంజి దొరికేసరికి నాలుగు రోజులు పట్టింది.

సరైన పద్ధతి మన ఊళ్లో ఏఎన్ఎంకు తెలుసు. టీకాల రోజున ఆవిడ తెచ్చే డబ్బాలో నాలుగు ఐస్ ప్యాకులు ఉంటాయి. వాటిని ఫ్రీజర్‌లోంచి తీసి వెంటనే డబ్బాలో పెట్టరు. కాసేపు బయట ఉంచుతారు. పైన చెమట పట్టి, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే పెడతారు. అలా కరగడం మొదలైన ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, దాని కిందకు వెళ్లి మందును గడ్డకట్టించదు. మనమూ అదే చేయాలి. అందుకే నేను మెత్తటి జెల్ ప్యాకుల కంటే నీళ్లు పోసే గట్టి ప్లాస్టిక్ ప్యాకులు వాడతాను, చప్పుడు వినొచ్చు కాబట్టి.

చిన్న ఐస్ బాక్స్ గానీ, మందపాటి గోడల థర్మాకోల్ డబ్బా గానీ తీసుకోండి. అడుగున, నాలుగు పక్కలా చప్పుడు పరీక్ష దాటిన ప్యాకులు. వాటి లోపల మడత పెట్టిన నూలు తువ్వాలు. దాని మధ్య ప్లాస్టిక్ డబ్బా, అందులో మందు తన అట్టపెట్టెతో సహా, థర్మామీటరు తీగ కొసతో సహా. పైన ఇంకో తువ్వాలు, మూత, చుట్టూ టేపు. ప్యాకు మందును ఎక్కడా తాకకూడదు. చేపల మార్కెట్లో దొరికే నలగ్గొట్టిన ఐసు ముక్కలు వేయొద్దు, కరిగి అట్టపెట్టె నానిపోతుంది.

ఇన్సులిన్ కోసం అమ్మే నీళ్లలో నానబెట్టే సంచులు కొందరు సలహా ఇస్తారు. అవి నీరు ఆవిరవుతూ చల్లబరుస్తాయి, 2–8 డిగ్రీలకు తేలేవు. పైగా మన సముద్ర తీరంలో గాలిలో తేమ ఎక్కువ, నీరు త్వరగా ఆరదు. కొత్త కుండలో పెట్టే ఉపాయం కూడా ఇక్కడ అందుకే పనిచేయదు.

ప్రయాణానికి వారం ముందు ఒకసారి ఖాళీ డబ్బాతో పరీక్ష చేయండి. మందు బదులు చిన్న నీళ్ల సీసా పెట్టి, ప్యాకులు సర్ది, ఇంట్లో వేడిగా ఉండే గదిలో పద్నాలుగు గంటలు ఉంచండి. గంట గంటకూ అంకె రాసుకోండి. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ నుంచి సికింద్రాబాద్‌కు దాదాపు అంత సమయం పడుతుంది, రైలు ఆలస్యానికి ఇంకో నాలుగు గంటలు కలపండి. నా డబ్బా ఏప్రిల్లో పదహారు గంటలు ఆగింది, మేలో పదకొండే. అప్పుడు పెద్ద డబ్బా కొన్నాను.

దారిలో

రైల్లో డబ్బాను కింద బెర్తు అడుగున, ఎండ పడని వైపు పెట్టండి. తరచుగా తెరవకండి, థర్మామీటరు అంకె బయట నుంచే కనిపిస్తుంది. ప్యాంట్రీ వాళ్లను ఫ్రిజ్‌లో పెట్టమని ఇవ్వకండి, వాళ్లది ఫ్రీజర్ అయితే అంతే సంగతులు.

విమానమైతే మందు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. లగేజీ తప్పిపోవచ్చు, ఎక్కువ చల్లబడొచ్చు. సెక్యూరిటీ దగ్గర డబ్బా యంత్రంలో పెట్టకముందే "ఇందులో మందు, సూదులు ఉన్నాయి, ఇదిగో డాక్టరు ఉత్తరం" అని చెప్పండి. వాళ్లు కనుక్కున్నాక చెబితే ఆలస్యం. ఎక్స్‌రేతో మందుకు ఏమీ కాదు.

మీ శరీరం గురించి కూడా గుర్తుంచుకోండి. రక్తం చిక్కబడే జబ్బు ఉన్నవాళ్లు గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో గడ్డకట్టవచ్చు. గంటన్నరకోసారి లేచి నాలుగడుగులు నడవండి, కూర్చున్నప్పుడు మడమలు పైకీ కిందకీ ఆడించండి. దారిలో బాత్రూం ఇబ్బందని ఆడవాళ్లం నీళ్లు తాగడం మానేస్తాం. ఈ జబ్బుతో అది చేయకూడదు. అరసవల్లిలో రథసప్తమికి గానీ, విజయనగరంలో సిరిమానోత్సవానికి గానీ వెళ్తే క్యూలో ఎండలో నిలబడే సమయం కూడా ప్రయాణమే అనుకోండి. గొడుగు, నీళ్ల సీసా, ఆస్పిరిన్ వెంట ఉండాలి.

మూతి ఒక పక్కకు పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి లేవకపోవడం, ఛాతీ నొప్పి, ఒకే కాలు వాచి నొప్పి పెట్టడం, కడుపులో భరించలేని నొప్పి: వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేయండి. "నిద్ర లేక అలా ఉంది" అని సర్దుకోకండి.

దిగిన చోట

చుట్టాల ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు వంట చేసే మనిషికి మీరే స్వయంగా చూపించి చెప్పండి. పెళ్లి ఇంట్లో ఫ్రిజ్ రోజుకు వంద సార్లు తెరుస్తారు, పూలదండలు కుక్కుతారు. అలాంటప్పుడు పక్కింటి ఫ్రిజ్ అడగడమే మంచిది, ఎవరూ కాదనరు. హోటల్లో అయితే గదిలోని చిన్న ఫ్రిజ్‌ను నమ్మకండి. తాళం కార్డు తీసి బయటికి వెళ్లగానే చాలాచోట్ల కరెంటు ఆగిపోతుంది. రిసెప్షన్‌లో కార్డు ఇంకొకటి అడిగి తీసుకోండి, థర్మామీటరు అందులోనూ పెట్టండి.

మందు ఎన్ని గంటలు బయట ఉన్నా ఫర్వాలేదన్నది మందును బట్టి మారుతుంది. మీ డబ్బాలోని కాగితంలో ఆ వాక్యం వెతికి గీత గీసుకోండి. అనుమానం వస్తే ఎన్ని గంటలు, ఎంత డిగ్రీల్లో ఉందో రాసుకుని డాక్టరుకో ఫార్మసిస్టుకో చెప్పండి. వాడిన సూదిని అక్కడి చెత్తలో వేయకుండా చిన్న గట్టి డబ్బాలో వెనక్కి తెచ్చుకోండి.

తుఫాను వస్తే

2018 అక్టోబరు 11న తిత్లీ మా మీదే తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలు పడిపోయాయి. మా ఊళ్లో పది రోజులు దాటినా కరెంటు రాలేదు. ఫ్రిజ్‌లో రెండు సిరంజిలు ఉన్నాయి. మొదటి రోజు తలుపు తెరవకుండా ఉంచాను. రెండో రోజుకి 12 డిగ్రీలు చూపించింది. రోడ్ల మీద చెట్లు తీశాక మా తమ్ముడు మోటారుసైకిల్ మీద విజయనగరం తీసుకెళ్లాడు, కానీ అప్పటికి ఆలస్యమైంది. రెండూ పోయాయి.

ఇప్పుడు సెప్టెంబరు చివర్లోనే సిద్ధమవుతాను. నీళ్ల ప్యాకులు ఎనిమిది ఎప్పుడూ ఫ్రీజర్‌లో ఉంటాయి. కరెంటు పోతే ఫ్రీజర్ నిండుగా ఉన్నప్పుడు చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. వాతావరణ శాఖ హెచ్చరిక మన జిల్లాకు రాగానే, గాలి మొదలవకముందే, మందును జనరేటరు ఉన్న మెడికల్ షాపుకు గానీ, వేరే జిల్లాలో చుట్టాలకు గానీ పంపేస్తాను. షాపు వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకున్నాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని టీకాల ఫ్రిజ్ మీద ఆశ పెట్టుకోకండి, అందులో టీకాలు తప్ప వేరే మందులు పెట్టకూడదని వాళ్లకు నియమం ఉంది. ఫోను, పవర్ బ్యాంకు నింపి పెట్టండి. డాక్టరు నంబరు, షాపు నంబరు, మందు పేరు కాగితం మీద రాసి డబ్బా మూత లోపల అంటించండి, ఫోను చచ్చిపోయినా చేతిలో ఉంటాయి. ఇంజక్షన్ రోజు తుఫాను రోజుతో కలిసేలా ఉంటే ఒక రోజు ముందే వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. నేను అలా అడిగిన రెండుసార్లూ సరేనన్నారు.

మా ఐస్ బాక్స్ ఇప్పుడు వంటింటి అటక మీద ఉండదు. ఫ్రిజ్ పక్కనే, చెయ్యి చాస్తే అందేలా, లోపల రెండు తువ్వాళ్లు మడత పెట్టి ఉంటుంది.